ఏ చేలో మేసింది?

పోయిన ఆదివారం గుంటూరులో మా వీధి చివర కొత్తగా తెరిచిన మాంసం కొట్టుకి వెళ్ళాను. అద్దాల తలుపు, లోపల ఏసీ, తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి.

“ఈ మేక ఎక్కడిదండీ?” అని అడిగాను.

“ఫ్రిజ్జులోదేనమ్మా. ఫ్రెష్షు.”

“ఫ్రిజ్జులోకి రాకముందు?”

“లారీలో వచ్చిందమ్మా.”

“లారీలో పుట్టిందా?”

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. “మీకు బోన్‌లెస్సా, విత్ బోనా?” అన్నాడు. ఏదీ వద్దని చెప్పి ఇంటికొచ్చి పప్పుచారు పెట్టుకున్నాను. అది తింటున్నంతసేపూ మా ఊరి సాయిబు గారు ఎదురుగా గొంతుకూర్చుని ఉన్నట్టే ఉంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన అడిగే ఒక్క ప్రశ్న మాత్రం నా నోట్లో ఇంకా ఉంది. ఏ కొట్టుకి వెళ్ళినా అదే బయటికొస్తుంది, మనుషులు నన్ను వింతగా చూస్తారు.

ఆయన్ని ఎవరూ పేరుపెట్టి పిలవగా నేను వినలేదు. మొదట దూదేకుల సాయిబు, తర్వాత మాంసం కొట్టు సాయిబు. ప్రత్తిపాడు దాటి నాలుగు మైళ్ళు పోతే మా ఊరు. నల్లరేగడి, పత్తి, పత్తి లేనిచోట మిరప. అంత పత్తి పండే ఊళ్ళో దూదేకేవాడికి పని లేకుండా పోతుందని ఎవరనుకుంటారు? పోయింది. గుంటూరు నుంచి ఫోం పరుపులు రావడం మొదలయ్యాక ఆయన విల్లు మోగడం ఆగిపోయింది. చేతులు మాత్రం ఆగలేదు. ఎవరింటికి వెళ్ళినా అరుగు మీది దిండుని రెండు వేళ్ళతో నొక్కి చూసి, “ఇది మన రేగడి పత్తి కాదండీ, ఎర్రనేలది” అనేవాడు. మా అమ్మ దిండు నొక్కి, “దీంట్లో రెండేళ్ళ పత్తి కలిపారమ్మా, పాతదీ కొత్తదీ” అన్నాడోసారి. మా అమ్మ నోరు తెరిచింది. నిజమే, కలిపింది.

ఎనభైల నడుమ సంగతి ఇది. నేనప్పుడే బీయస్సీ, బీఎడ్డు ముగించి మా ఊరి హైస్కూల్లోనే సైన్సు టీచరుగా చేరాను. చర్చి చుట్టూ ఉన్న మా పల్లెలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని. ఆ పొగరు దండిగా ఉండేది.

సాయిబు కొట్టు పెట్టకముందు మా ఊళ్ళో వేట, అంటే మేకో పొట్టేలో, తెగాలంటే పెద్దిళ్ళలో ఏదో కార్యం ఉండాలి. తొడలూ కార్జమూ ఆ ఇళ్ళకి. తలకాయా బోటీ మా పల్లెకి. దాన్ని అన్యాయమని ఎవరూ అనలేదు. తలకాయంటే మాకు ఇష్టమని ఊరంతా నమ్మింది. మేమూ నమ్మాం.

బస్సు ఆగేచోట పంచాయితీ ప్రెసిడెంటు గారి వసారా ఖాళీగా ఉంటే ఆయన్ని అడిగి అక్కడ కొట్టు పెట్టాడు సాయిబు. ఒక చింతమొద్దు, రెండు కత్తులు, దూలానికి ఇనప కొక్కెం. ఆదివారం, బుధవారం. రోజుకి ఒకటే వేట. అదయిపోతే కలెక్టరొచ్చినా మాంసం లేదు.

చుట్టుపక్కల ఆరేడు మైళ్ళలో మందలున్నవాళ్ళ దగ్గరే కొనేవాడు. ముందు జీవం నడుం మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఆ తర్వాత అమ్మేవాణ్ణి ఒకే ఒక్క మాట అడిగేవాడు: “ఏ చేలో మేసింది?” కంది చేనా, జొన్నచొప్పా, కాలవగట్టా, బీడా? జవాబు నచ్చినా వెంటనే కొయ్యడు. ఇంటికి తోలుకెళ్ళి, రెండు రోజులు రాటకి కట్టేసి, ఎండుగడ్డి వేసి, అది తాగే నీళ్ళనీ వేసే పెంటికల్నీ చూసుకుని, మూడోనాడు కొట్టుకి తెచ్చేవాడు.

“ఏం సాయిబు గారూ, పెళ్ళిచూపులా?” అన్నానోసారి.

“పెళ్ళిచూపుల్లో ఇంత అడగరు పంతులమ్మా” అన్నాడు. తలెత్తలేదు.

కోసే ముందు దానికి నీళ్ళు పట్టేవాడు. పెదవులు కదిలేవి. ఆ తర్వాత పనంతా మన కళ్ళముందే. చర్మం డప్పులు కట్టేవాళ్ళకి, కాళ్ళు బాలింత ఉన్న ఇంటికి, కొమ్ములు కత్తిపిడులు చేసేవాడికి. ఆ జంతువులో ప్రతి ముక్కకీ ఒక అడ్రసు ఉండేది. మిగతాదంతా ముప్ఫై బాదమాకుల మీద ముప్ఫై పోగులు. ప్రతి పోగులోనూ తొడ ముక్క, పక్కటెముక, ఇంత కార్జం, ఇంత బోటి, ఇంత కొవ్వు. త్రాసులో పెట్టి చూస్తే ఆకు బరువు తేడా కూడా ఉండదు.

ఆ కొట్టు తెరిచిన రెండో నెలలో నాకూ ఆయనకీ మొదటి తగాదా అయింది. గుంటూరు హాస్టల్లో నాలుగేళ్ళుండి వచ్చినదాన్ని. ఎముక కొరకడం మోటు అనే జబ్బొకటి అంటించుకొచ్చాను.

“నాకు ఎముకలు లేకుండా వెయ్యండి సాయిబు గారూ.”

“పోగు పోగేనమ్మా.”

“ఇదేం రూలు? ఎక్కడ రాసుంది? కొనేదాన్ని నేను. నాకేం కావాలో నేను చెప్పకూడదా? రేపు బట్టల కొట్టువాడు కూడా చీరతోపాటు పంచె అంటగడతానంటే ఊరుకుంటారా?”

నా వాదన నాకే బ్రహ్మాండంగా వినిపించింది. ఆయన కత్తి పక్కనపెట్టి, చేతులు తుడుచుకున్నాడు. కోపం లేదు.

“తప్పకుండా వేస్తానమ్మా. మీ పోగులో ఎముకలు తీసేస్తాను. అవి ఎవరి పోగులో వెయ్యాలో పేరు చెప్పండి.”

వెనక్కి తిరిగి చూశాను. వరసలో మా స్కూలు ప్యూను, ఇద్దరు రైతులు, మా పల్లె ఆడవాళ్ళు. అందరికంటే ముందు మా మేనత్త, గిన్నె చంకలో పెట్టుకుని. “చెప్పవే, నా పేరు చెప్పు చూద్దాం” అంది.

ఒక్క పేరు. ఎవరి పేరో ఒకటి. నాకు తెలిసిన పేర్లన్నీ అక్కడే నిలబడి నాకేసి చూస్తున్నాయి.

“అయితే గోడవైపు తిరగండి” అన్నాడు.

పోగులు పెట్టాక ఎవరిది ఏదో తేల్చే పద్ధతి అది. ఒక మనిషి గోడకేసి తిరిగి నిలబడాలి. సాయిబు ఒక ఆకు మీద వేలుపెట్టి “ఇది?” అంటాడు. పోగుని చూడని ఆ మనిషి వరసలోని పేర్లలో ఏదో ఒకటి చెప్పాలి. ఆ పోగు వాళ్ళది. బళ్ళో పిల్లల్ని గోడవైపు తిప్పి నిలబెట్టే నేను, ఆరోజు ఊరందరి ముందూ గోడకి మొహంపెట్టి ముప్ఫై పేర్లు పిలిచాను. “ఇది?” ప్రెసిడెంటు గారి ఇల్లు. “ఇది?” మా మేనత్త. “ఇది?” ప్యూను. ఎవరికీ వంక పెట్టడానికి లేదు.

ఆ సాయంత్రం మా మేనత్త మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అంది: “కార్జం చేదుగా ఉంటుందనుకున్నానే ఇన్నాళ్ళూ.”

కొట్టు తెరిచిన కొత్తలో ప్రెసిడెంటు రుసరుసలాడాడు. “మా ఇంటికి తొడ పంపించు” అని కబురు. “పోగులో ఉందండి” అని జవాబు. మూడుసార్లు కబురొచ్చింది, మూడుసార్లూ అదే జవాబు వెళ్ళింది. నాలుగోసారి ఆయనింటి పనిమనిషి గిన్నె పట్టుకుని వరసలోకొచ్చింది.

రెండో ఏడాది పత్తికి తెల్లదోమ పట్టింది. ఆకు కిందంతా తెల్లగా దుమ్ము పట్టినట్టు ఉండేది. వారానికి రెండుసార్లు మందు కొట్టారు, మూడుసార్లు కొట్టారు. సాయంత్రం గాలి తిరిగితే ఊరంతా అదే వాసన. అప్పటినుంచి సాయిబు ప్రశ్నకి జవాబులు మారిపోయాయి. ఏ చేలో మేసింది? పత్తి చేలో. తిప్పి పంపేసేవాడు. కొన్ని ఆదివారాలు కొట్టే తెరవలేదు.

“ఊరి నిండా మేకలుండగా మాంసం లేదంటారేంటండీ?” అని అడిగాను.

“మేకలున్నాయమ్మా. జవాబుల్లేవు” అన్నాడు.

క్రిస్మస్ వచ్చింది. మండలాలు కొత్తగా ఏర్పడి, ఎన్నికల ఊపులో ఉన్న ప్రెసిడెంటుకి మా పల్లె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. తన మందలోంచి పెద్ద మేకపోతుని పండక్కి ఉచితంగా ఇస్తానని, సాయిబు కోసి పల్లెలో ఇంటింటికీ పోగు వెయ్యాలని చెప్పాడు. ఆ ఏడు పత్తి పోయి కూలి లేదు. ఆ పోగు తప్ప ఇంకో పండగ వంట లేని ఇళ్ళు మా పల్లెలో సగం పైనే.

పండగ పొద్దున ఆరాధనకి ముందే ఆయన జీతగాడు పోతుని తోలుకొచ్చాడు. నేను బస్సు దిగిన చుట్టాల్ని తీసుకెళ్ళడానికి వచ్చి అక్కడే ఉన్నాను. సాయిబు దాని నడుం మీద మూడు వేళ్ళు ఆనించాడు. జీతగాడి వైపు చూసి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. నీళ్ళు పట్టడానికి వంగాడు.

ఆరాధన అయ్యాక అందరం కొత్తబట్టల్తో, గిన్నెల్తో అక్కడికి చేరాం. చర్మం తీయడం అయిపోయింది. పోతు కొక్కేనికి వేలాడుతోంది. ఆకులు పరిచి ఉన్నాయి. ఆయన బోటి కోసం పొట్ట కిందికి తీసి, కూర్చుని చీల్చాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సగం నమిలిన పత్తాకులు. పచ్చిగా, దొంతర్లు దొంతర్లుగా. వాటిలోంచి మందు వాసన గుప్పుమంది.

ఆయన లేచి, చెంబుతో చేతులు కడుక్కుని, మావైపు తిరిగాడు.

“ఇది పోగులు వెయ్యనమ్మా. పూడ్చేస్తాను.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మా మేనత్త గొంతు లేచింది. “పూడ్చేస్తావా? పండగ పూటా? పొట్ట పారెయ్, బోటి పారెయ్. కండేం చేసింది నిన్ను?”

“కండ సంగతి నాకు తెలీదమ్మా.”

“నీది కాదుగా పండగ, నీకేం తెలుస్తుంది? నీకు మాంసం ఎక్కువైంది సాయిబూ, మాకు ఆకలెక్కువైంది!”

ఆ మాటకి ఆయన మొహం ముడుచుకుపోయింది. అప్పుడు నేను కల్పించుకున్నాను. సైన్సు టీచర్ని గదా.

“సాయిబు గారూ, అది పొద్దున్నే మేసి ఉంటుంది. ఇంకా అరగను కూడా లేదు. ఒంట్లోకి అంత తొందరగా ఎక్కదు. పైగా మేం బాగా ఉడికిస్తాం. ఏం కాదు.”

“మీకు తెలుసా, అనుకుంటున్నారా?”

గొంతు పెంచలేదు, ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగాడు. తెలుసంటే నా మాట వింటాడని ఆయన కళ్ళలో కనిపించింది. పల్లె పల్లెంతా నాకేసి చూసింది. తెలుసు అని ఒక్కమాట అంటే అందరిళ్ళలో పొయ్యి వెలుగుతుంది. అప్పటిదాకా జీవితంలో ఎన్ని మాటలు తెలుసని అనేశానో లెక్కలేదు.

“అనుకుంటున్నాను” అన్నాను.

“నేనూ అంతేనమ్మా. ఏమీ కాదనే అనుకుంటున్నాను. తెలీదు. తెలియనిదాన్ని పోగు వెయ్యలేను.”

నేను చాలామంది చదువుకున్నవాళ్ళతో వాదించాను. హెడ్మాస్టర్లతో, పాస్టర్లతో, ఇన్‌స్పెక్టర్లతో. తనకి తెలిసింది ఎక్కడ ఆగిపోతుందో అంత కచ్చితంగా ఎరిగి, ఆ గీత మీద కత్తి దించి నిలబడ్డ మనిషిని ఇంకొకర్ని చూడలేదు.

ఈలోగా గొడవ విని ప్రెసిడెంటు వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో, పోగుల పంపకం దగ్గర నిలబడదామని. సంగతి విన్నాడు.

“ఏందయ్యా? అంటే నేను పండక్కి ఊరికి విషం పంపానంటావా?”

“మీరు పంపలేదండి. నేను అడగలేదు.”

“ఏం అడగలేదు?”

“ఏ చేలో మేసిందని అడగలేదండి. రెండ్రోజులు కట్టేసి చూడలేదు. ఎవరిదైనా అడుగుతాను. మీది గదా, అడిగితే బాగోదని ఊరుకున్నాను. తప్పు నాదండి.”

అంతకంటే మర్యాదగా ఎవరూ తప్పు ఒప్పుకోలేరు. అంతకంటే పెద్ద అవమానం ఆ ప్రెసిడెంటుకి అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. అడగాల్సినవాళ్ళలో ఆయనా ఒకడని ఊరందరి ముందూ చెప్పేశాడు గదా. ప్రెసిడెంటు మొహం కందగడ్డయింది.

“నోరు మూసుకుని పోగులు వెయ్. లేదంటే ఈ వసారా నాది.”

“మీదేనండి” అన్నాడు సాయిబు.

వెనక ఖాళీ స్థలంలో నడుంలోతు గొయ్యి తవ్వాడు. ఎవరూ సాయం పట్టలేదు. చర్మం, కాళ్ళు, తలకాయ, తొడలు, అన్నీ అందులోనే. మట్టి కప్పేముందు రెండు సీసాల కిరసనాయిలు పోశాడు. ఆకలిగా ఉన్నవాళ్ళు గొయ్యి తవ్వుకుంటారని ఆయనకి తెలుసు. మావాళ్ళు తిట్టుకుంటూ, ఖాళీ గిన్నెల్తో వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం మా పల్లెలో పండగంటే చారన్నం.

సాయంత్రానికి మొద్దూ కొక్కెమూ ఆయన భుజాలకెక్కాయి. వసారాలో ఎరువుల బస్తాలు వేశారు. దూదేకే పని పోయి ఇది చేపట్టాడు. యాభై ఐదేళ్ళొచ్చాక ఇదీ పోతే మూడో పని నేర్చుకునేదెప్పుడు? నాకు ఉండబట్టలేక ఆయనింటికెళ్ళాను.

“ప్రెసిడెంటుకి ఒక్కమాట చెప్పండి. పొరపాటు పడ్డానని చెప్పండి.”

“చెప్పాను గదమ్మా. అడక్కపోవడం పొరపాటని అందరిముందూ చెప్పాను.”

“అది కాదండీ. అందులో విషం లేదని చెప్పండి.”

“లేదని నాకు తెలీదు గదా పంతులమ్మా.”

ఇంక ఆ మనిషితో ఏం మాట్లాడతాం?

తర్వాతి ఆదివారం చర్చికీ ఊరికీ మధ్య కాలవ కల్వర్టు పక్కన, తుమ్మచెట్టుకి కొక్కెం తగిలించి ఉంది. పొట్టేల్ని కోసి వేలాడదీశాడు. కింద ఆకులు పరిచాడు. పొట్ట మాత్రం చీల్చకుండా పక్కన ఆకుమీద పెట్టుకుని, కండువాతో ఈగల్ని తోలుతూ కూర్చున్నాడు. ఆరాధన వదిలారు. మా పల్లెవాళ్ళంతా చర్చి ప్రహరీ దగ్గర ఆగిపోయారు. ఊళ్ళోవాళ్ళు ప్రెసిడెంటుకి జడిసి అటు తొంగిచూడలేదు. మావాళ్ళకి క్రిస్మస్ కోపం. నేనూ ప్రహరీ దగ్గరే నిలబడ్డాను. నా నోటికున్న ధైర్యం ఆరోజు కాళ్ళకి లేదు. ఎండ ఎక్కుతోంది. ఇంకో గంటాగితే ఆ మాంసం కూడా గోతిలోకే. దానితోపాటే కొట్టు కూడా.

అప్పుడు ఊరి వైపునుంచి ప్రెసిడెంటు వాళ్ళమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. చేతికర్ర, ఇంకో చేతిలో ఇత్తడి గిన్నె. పనిమనిషి లేదు, ఒక్కతే. ఎరువుల బస్తాలున్న వసారా ముందునుంచే నడుచుకుంటూ వచ్చి ఆయనెదురుగా ఆగింది.

“ఏ చేలో మేసిందయ్యా ఇది?”

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. “ఒంగోలు జిల్లా కొండల కింద బీడండి పెద్దమ్మగారూ. అక్కడ పత్తి వెయ్యరు. నడిచి తోలుకొచ్చాను. రెండ్రోజులు ఇంటిదగ్గర కట్టేశాను.”

“ఎవరు చూశారు?”

ఆయన కత్తి తీసి ఆమె ముందే పొట్ట చీల్చాడు. ఆమె కర్ర పక్కన పడేసి వంగింది. వేళ్ళతో ఇంత తీసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఎండుగడ్డీ తుమ్మకాయలూ. ఆ ఇంటి ఆడమనిషి అలా రోడ్డు మీద వంగడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు.

“మావాడి చేనిది కాదుగా?” అంది, ప్రహరీ దాకా వినపడేలా.

వారం రోజుల తర్వాత మా పల్లె మొదటిసారి నవ్వింది. మా మేనత్త అందరికంటే గట్టిగా నవ్వి, కొంగు నడుముకి చుట్టుకుని ప్రహరీ దాటింది.

సాయిబు నవ్వలేదు. “కాదండి” అన్నాడు.

“అయితే వెయ్యి” అంటూ గిన్నె ముందుకు చాపింది ముసలమ్మ.

“ఇంకా పోగులు కాలేదండి పెద్దమ్మగారూ. అందరూ రావాలి. కాసేపు నిలబడాలండి.”

కొట్టు బతకడానికి ఆమె ఒక్కతే వచ్చిన క్షణంలో ఆయన ఆమెతో అన్నమాట అది. ముసలమ్మ ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. కర్ర తీసుకుంది. ఎండలో, గిన్నె చేత్తో పట్టుకుని, నిలబడింది. ఆమె వెనక మా మేనత్త, మా మేనత్త వెనక నేను, నా వెనక మా పల్లె.